గండికోటలో ఒక రాత్రి ఉండి, పొద్దున్నే లోయలోకి దిగాలంటే

గండికోటకి చాలామంది చేసే ప్రయాణం ఒకే మూసలో ఉంటుంది. పొద్దున తొమ్మిదికి తీరిగ్గా బయల్దేరతారు, దారిలో టిఫిన్ చేస్తారు, మిట్టమధ్యాహ్నం కోట గుమ్మం దగ్గర దిగుతారు, కళ్లు చికిలించుకుంటూ లోయ అంచు దాకా వెళ్లి నాలుగు ఫోటోలు తీసుకుని, "ఇంతేనా" అనుకుంటూ మూడింటికల్లా మళ్లీ కారెక్కుతారు. ఆ "ఇంతేనా" అన్నది కోట తప్పు కాదు, వాళ్లు వెళ్లిన టైమ్‌ది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆ లోయలో నీడలుండవు, నీడ లేకపోతే లోతు తెలీదు, అంత పెద్ద లోయా చదునుగా కనిపిస్తుంది. పైగా కాలు పెట్టడానికి లేకుండా బండ కాలుతుంటుంది. అక్కడ చూడదగ్గ సమయాలు రెండే: సాయంత్రం నాలుగున్నర తర్వాత, తెల్లవారుజాము నుంచి ఎనిమిదిన్నర లోపు. ఈ రెండూ దక్కాలంటే మధ్యలో రాత్రి అక్కడే పడుకోవాలి. కిందికి దిగి నది దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన ఉంటే ఇక వేరే దారే లేదు.

ఇండియా గ్రాండ్ క్యాన్యన్ అని నెట్‌లో ఎక్కడ చూసినా రాస్తారు కదా, ఆ మాట నమ్మి అంత సైజు ఊహించుకుని రాకండి. ఇది ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన సన్నటి లోయ. లోతు సుమారు మూడు వందల అడుగులు అంటారు. అటు గట్టు మీద ఎవరైనా గట్టిగా కేకేస్తే ఇటు వినిపిస్తుంది. నా లెక్కలో దీని అందం అంతా ఆ దగ్గరితనంలోనే ఉంది.

ఎప్పుడు వెళ్లాలి

నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి వచ్చిందంటే మా కడప ఎండ సంగతి చెప్పక్కర్లేదు, ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం మామూలే. ఆ రోజుల్లో లోయ దిగడం సాహసం కిందికి రాదు, మూర్ఖత్వం కిందికి వస్తుంది. అక్టోబర్, నవంబర్‌లో ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి. అప్పుడు చుట్టూ పచ్చగా బాగుంటుంది గానీ తడిసిన బండ మీద మంచి బూటు కూడా జారుతుంది. వాన పడిన మర్నాడు పైన కోట చూసుకుని సంతోషపడండి, దిగే ప్రోగ్రామ్ మాత్రం మానుకోండి.

వారాంతాలు, వరుస సెలవులు వచ్చే రోజులు, డిసెంబర్ 31 రాత్రి, ఇవి వదిలేయండి. బెంగళూరు నుంచి బైకుల గుంపులు వస్తాయి, స్పీకర్లు పెడతారు, రాత్రి రెండింటిదాకా నిద్ర ఉండదు. మంగళవారం, బుధవారం వెళ్తే లోయ అంచున మీరూ, కోతులూ తప్ప ఎవరూ ఉండరు. గండికోట ఉత్సవాలు ఎప్పుడో కూడా ముందే కనుక్కోండి. పాటలు, స్టాళ్లు, జనం కావాలంటే అప్పుడే వెళ్లండి, లోయ కావాలంటే ఆ తేదీలు తప్పించండి.

ఎక్కడ ఉండాలి

ఏపీ టూరిజం వాళ్ల హరిత హోటల్ కోటకి కాస్త ముందు రోడ్డు పక్కనే ఉంటుంది. లగ్జరీ అని ఊహించుకోవద్దు, ప్రభుత్వ టూరిజం హోటల్ ఎలా ఉంటుందో అలా ఉంటుంది: చుట్టూ ఖాళీ జాగా, పార్కింగ్, గది, బాత్రూమ్, కింద ఒక రెస్టారెంట్. దాని అసలు విలువ అది ఉన్న చోటు. తెల్లవారుజామున అయిదుంపావుకి లేచినా ఆరింటికల్లా లోయ అంచున ఉండొచ్చు. జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో లాడ్జిలో దిగితే గది కాస్త చవగ్గా దొరకొచ్చు గానీ, చీకట్లో ఆ దూరమంతా డ్రైవ్ చేసి రావాలి, నిజానికి ఎవరూ లేవరు. రాత్రి పడుకునేటప్పుడు అందరూ "తప్పకుండా లేద్దాం" అంటారు, పొద్దున అలారం ఆపి అటు తిరిగి పడుకుంటారు.

బుకింగ్ ఆన్‌లైన్‌లో చేసుకుని, బయల్దేరే ముందు రోజు హోటల్‌కి ఒకసారి ఫోన్ కూడా చేయండి. గది ఉందా అని మాత్రమే కాదు, వేడినీళ్లు ఏ టైమ్‌కి వస్తాయి, రాత్రి భోజనం ఎన్నింటి దాకా పెడతారు, కరెంటు పోతే జనరేటర్ గది ఏసీకి పనిచేస్తుందా లేక లైటు, ఫ్యాన్లకేనా అని అడగండి. చెక్ ఇన్ అవగానే మొదట చేయాల్సిన పని రాత్రి భోజనం ఆర్డర్ చెప్పేయడం. వారం మధ్యలో జనం తక్కువుంటే సరుకు కూడా తక్కువే తెచ్చుకుంటారు, ఎనిమిదిన్నరకి వెళ్లి మెనూ కార్డు చూసి నాటుకోడి కావాలంటే ఎక్కడినుంచి వస్తుంది? మధ్యాహ్నమే చెప్తే సంగటీ, కూరా అడిగి చూడొచ్చు.

టెంట్లు వేసే ప్రైవేటు క్యాంపులు కూడా ఉన్నాయి. స్నేహితులతో వెళ్లేవాళ్లకి అది సరదానే. కాకపోతే టాయిలెట్ ఎంత దూరం, దానికి తలుపు, నీళ్లు, లైటు ఉన్నాయా అని ఫోటో పంపించమనండి, ఆడవాళ్లు ఉన్న గుంపు అయితే ఇది ముందు తేల్చుకోవాల్సిన విషయం. టెంట్ కచ్చితంగా ఎక్కడ వేస్తారో కూడా అడగండి. లోయ అంచుకి దగ్గరగా వేస్తామని ఎవరైనా గొప్పగా చెప్తే, ఆ ఒక్క మాటకే వద్దనుకోండి. రాత్రి గాలి ఎక్కువ, అంచున రెయిలింగు ఉండదు, నిద్రమత్తులో ఒంటికి పోదామని లేచినవాడికి అంచు ఎక్కడుందో కనబడదు.

చేరుకోవడం

కడప నుంచి వచ్చేవాళ్లకి రెండు దారులున్నాయి: మైదుకూరు, ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగు, లేదా ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా. రెండోదాంట్లో సిమెంటు లారీలు, కడప బండల లోడ్లు ఎక్కువ. అనంతపురం వాళ్లు తాడిపత్రి, ముద్దనూరు మీదుగా వస్తారు. కర్నూలు నుంచి నంద్యాల, కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు. అక్కడి నుంచి కోట పదిహేను కిలోమీటర్లు. రైలైతే ముద్దనూరు, ఎర్రగుంట్ల స్టేషన్లు గుంతకల్లు – రేణిగుంట లైన్‌లో ఉన్నాయి, నంద్యాల – ఎర్రగుంట్ల లైన్‌లో జమ్మలమడుగుకే స్టేషన్ ఉంది. జమ్మలమడుగు నుంచి కోటకి బస్సులు తక్కువ, ఆటో మాట్లాడుకుంటే పోను రాను ఒకేసారి బేరం ఆడి, తిరిగి రావాల్సిన టైమ్ చెప్పి, డ్రైవర్ నంబర్ తీసుకోండి.

పెట్రోలు, డబ్బులు, మందులు, పండ్లు, వాటర్ బాటిళ్లు అన్నీ జమ్మలమడుగులోనే అయిపోవాలి. పైన చిన్న చిన్న అంగళ్లు ఉంటాయి, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, మ్యాగీ దొరుకుతాయి, అంతే. సిగ్నల్ కొన్నిచోట్ల పోతుంది, ఫోన్‌పే మీదే ఆధారపడొద్దు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మూడింటికల్లా హోటల్ చేరేటట్టు లెక్క వేసుకుంటే మిగతాదంతా సాఫీగా సాగుతుంది.

సాయంత్రం: కోట ఒక చుట్టు

నాలుగింటికి గది నుంచి కదలండి. కోట గుమ్మం నేరుగా లోపలికి తెరుచుకోదు, మలుపులు తిరిగి పోతుంది, ఏనుగులు పరుగెత్తుకొచ్చి తలుపుని కుమ్మకుండా కట్టిన పద్ధతి అది. లోపల ఇప్పటికీ ఊరుంది, ఇళ్లున్నాయి, గేదెలు, గొర్రెలు తిరుగుతుంటాయి, జనం ఇళ్ల ముందు కూర్చుని ఉంటారు, అది గుర్తుపెట్టుకుని నడవండి. అడక్కుండా వాకిళ్లలోకి కెమెరా పెట్టడం బాగుండదు.

దారిలో పావురాల గోపురం కనిపిస్తుంది, దాన్నే చార్మినార్ అంటారు. తర్వాత జైలు, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి. మాధవరాయస్వామి గుడి గోపురం దూరం నుంచే కనిపిస్తుంది, లోపల మండప స్తంభాల మీద శిల్పాలు తీరిగ్గా చూడాల్సినవి, అరగంట ఇవ్వండి. మసీదు, ధాన్యాగారం పక్కపక్కనే. ధాన్యాగారం లోపలికి వెళ్తే ఎండలోంచి వచ్చిన ఒళ్లు చల్లబడుతుంది.

కొంచెం చరిత్ర తెలిస్తే తిరగడం రుచిగా ఉంటుంది. 1123లో బొమ్మనపల్లెకి చెందిన కాకరాజు ఇక్కడ మొదట మట్టికోట కట్టించాడని కైఫీయతు, అంటే ఊరి పాత చరిత్ర రాసిపెట్టిన రికార్డు, చెప్తుంది. తర్వాత విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల చేతిలో ఇది పెద్ద కోట అయింది. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆయన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు, ఆ రోజుల్లో ఇక్కడ ఫిరంగులు పోత పోయించే పని జరుగుతోందని రాసుకున్నాడు. ఒకవైపు లోయ ఉంటే అటు నుంచి శత్రువు ఎక్కలేడు, మిగతా వైపులు గోడ కట్టుకుంటే చాలు, ఇక్కడే ఎందుకు కట్టారో అంచున నిలబడి కిందికి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు.

రంగనాథస్వామి గుడి దాటి బండల మీదుగా పోతే లోయ అంచు. అక్కడ నడక దారి అంటూ ఉండదు, ఇంటి గోడకి పేర్చినట్టున్న పెద్ద పెద్ద బండల మీద ఎక్కుతూ దిగుతూ పోవాలి. అంచున నిలబడి సెల్ఫీ తీసుకోవడం గురించి ఎంత చెప్పినా తక్కువే. మా బామ్మర్ది ఒకడు ఉన్నాడు, ప్రతిసారీ చివరి బండ మీదికెళ్లి కాళ్లు కిందికి వేలాడేస్తాడు, వాడితో వచ్చినప్పుడల్లా మా అందరికీ టెన్షనే. ఆ బండలన్నీ కొండకి అతుక్కుని ఉన్నవి కావు. చాలా వాటి కింద, వెనక పగుళ్లుంటాయి, చూడ్డానికి మంచంలా వెడల్పుగా ఉన్నది కూడా ఊగొచ్చు. చివరి బండకి ఒక బండ ఇవతలే ఆగండి, ఫోటోలో తేడా ఎవరికీ తెలియదు.

సూర్యుడు మునిగాక అక్కడ పావుగంటకి మించి ఉండకండి. తిరిగొచ్చే దారి చీకట్లో గుర్తు తెలీదు, తేళ్లూ పాములూ తిరిగే వేళ కూడా అదే. తలకి కట్టుకునే టార్చ్ ఉంటే మంచిది, చేతులు ఖాళీగా ఉంటాయి. వచ్చేటప్పుడు ఎవరైనా గొర్రెల కాపరి కనిపిస్తే ఆపి అడగండి: "అన్నా, కిందికి దిగేకి దారి యాడుంది, ఇప్పుడు నీళ్లెట్లుండాయి?" వాళ్లకి తెలిసినంత ఏ మ్యాప్‌కీ తెలీదు. కుదిరితే మర్నాటికి ఊరి అబ్బాయినొకణ్ణి మాట్లాడుకోండి. డబ్బులెంతో ముందే అనుకోండి, బేరం మరీ గీచి గీచి ఆడకండి.

పొద్దున: దిగడం

దిగాలా వద్దా అన్నది మీ ఓపిక కన్నా నీళ్లని బట్టి తేలుతుంది. కోటకి ఎగువన గండికోట రిజర్వాయర్ ఉంది, దాదాపు 27 టీఎంసీల పెద్ద ప్రాజెక్టు. దిగువన మైలవరం డ్యామ్. ఈ రెండింటి మధ్యలో ఉన్న ముక్కే మీరు పైనుంచి చూసే లోయ. కాబట్టి ఇక్కడ నీళ్లు వానని బట్టి మాత్రమే ఉండవు, పైన గేట్లు ఎత్తారా, కింద మైలవరం నిండిందా అన్నదాన్ని బట్టి ఉంటాయి. నీళ్లు నిండుగా ఉన్న ఏడాది కింద నిలబడ్డానికే జాగా ఉండకపోవచ్చు. గేట్లు తెరుస్తారని వార్త ఉన్నా, హోటల్ వాళ్లు వద్దన్నా, ఊరివాళ్లు "ఈ పొద్దు వద్దు సార్" అన్నా అక్కడితో ఆపేయండి. ఆకాశంలో మబ్బు లేదు కదా అని వాదించొద్దు, నీళ్లు వదిలేది ఆకాశం కాదు.

డిసెంబర్, జనవరిలో సూర్యోదయం ఆరున్నర దాటాకే అవుతుంది. ఆరింటికి అంచున కూర్చోండి. ముందు కింద అంతా బూడిదరంగులో ఉంటుంది, తర్వాత ఎదుటి గట్టు పైవరస బండలు ఎర్రబడతాయి, ఆ ఎరుపు మెల్లగా కిందికి దిగుతుంది. దాన్ని ఫోనులో పట్టుకోవడానికి ఎంత ప్రయత్నించినా సగమే వస్తుంది. వెలుతురు బాగా వచ్చాక, అంటే ఆరూ ముప్పావు, ఏడు మధ్యలో దిగడం మొదలుపెట్టాలి. చీకట్లో వద్దు.

ఆ రాయి గురించి ఒక మాట. చాలామంది గ్రానైటు అంటారు, కాదు. భూగర్భశాస్త్రం వాళ్లు దీన్ని గండికోట క్వార్ట్‌జైట్ అంటారు, వంద కోట్ల ఏళ్లకి పైబడిన ఇసుక గట్టిపడి రాయైనది. పొరలు పొరలుగా ఉంటుంది, పొరలకి అడ్డంగా నిలువు పగుళ్లుంటాయి, అందుకే గోడ అంతా చతురస్రంగా కోసి పేర్చినట్టు కనబడుతుంది. నది కింద కోస్తుంటే, వాన నీళ్లు ఆ పగుళ్లలోకి దిగి, ఒక్కో దిమ్మె విడిపోయి కిందికి పడుతుంది. మీరు దిగే దారి అలా పడిన దిమ్మెల గుట్టే. అంటే పెద్దవి స్థిరంగా ఉంటాయి, వాటి మధ్యలో ఇరుక్కున్న చిన్నవే మోసం చేస్తాయి. ఎప్పుడూ పెద్ద బండ మీదే కాలు, అది కూడా ముందు సగం బరువు వేసి చూశాకే పూర్తి బరువు. జనం తొక్కి తొక్కి నున్నగా మెరిసే చోట్ల ఇంకా జాగ్రత్త.

దిగేటప్పుడు మోకాలికన్నా ఎత్తున్న మెట్టు వస్తే దూకకండి. కూర్చుని జారండి, లేదా బండ వైపు తిరిగి నిచ్చెన దిగినట్టు దిగండి. రెండు చేతులు, రెండు కాళ్లు, ఈ నాలుగింట్లో మూడు ఎప్పుడూ రాతిని అంటుకుని ఉండాలి, కాబట్టి ఫోను జేబులో, అది కూడా జిప్ ఉన్న జేబులో పెట్టుకోండి. ఒకరి నెత్తిమీద ఒకరు దిగొద్దు, పైవాడి కాలికింద రాయి కదిలితే అది కింది వాడి మీదికే వస్తుంది. రాయి కదిలిందంటే సిగ్గుపడకుండా "రాయి, రాయి" అని అరవండి. ప్రతి పది నిమిషాలకీ ఆగి వెనక్కి తిరిగి పైకి చూడండి, ఎందుకంటే ఎక్కేటప్పుడు మీకు కనబడేది ఆ దృశ్యమే, దిగేటప్పుడు చూసిన చెట్టూ బండా కింది నుంచి చూస్తే గుర్తుపట్టలేరు. ఊరి అబ్బాయి లేకుండా వెళ్తున్నట్టయితే ఒక ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

బండ చరియల కింద తేనెపట్టులు కనబడితే ఆ పక్క సిగరెట్టు, మంట, సెంటు, అరుపులు ఏవీ వద్దు. డ్రోన్ ఎగరేద్దామనుకునే వాళ్లు అనుమతి సంగతి ఒకటీ, ఈ సంగతి ఒకటీ, రెండూ ఆలోచించుకోండి. కోతుల విషయం చిన్నదే గానీ చెప్పాలి: చేతిలో పాలిథిన్ కవరు ఉంటే మీదికి వస్తాయి, తిండి బ్యాగు లోపల ఉంచితే పట్టించుకోవు.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు తక్కువ కాకుండా పెట్టుకోండి, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, శెనక్కాయలు, బెల్లం, అరటిపండ్లు, టోపీ, ఒక క్రేప్ బ్యాండేజీ. చెప్పులతో, ఫ్లాట్ అడుగున్న క్యాన్వాస్ బూట్లతో దిగొద్దు. జీన్స్ ప్యాంటుతో వంగి ఎక్కడం ఎంత కష్టమో అరగంటలో తెలుస్తుంది. పదేళ్లలోపు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న వాళ్లు పైనే ఉండడం మంచిది. మసీదు దగ్గర నీడలో కూర్చుంటే వాళ్లకి అది హాయిగానే ఉంటుంది. "నువ్వు కూడా రా అత్తా, ఏం కాదు" అని బలవంతం పెట్టేవాళ్లే సగం దారిలో ఆమెని వదిలి ముందుకి పోతారు, చూస్తూనే ఉన్నాం కదా.

నది దగ్గరికి చేరాక నీళ్లలోకి దిగకండి. ఈత వచ్చినా సరే. అంచున మోకాలు లోతుండి, ఒక్క అడుగు తర్వాత మనిషి మునిగే లోతు ఉండొచ్చు, నీటికింది బండ పాచి పట్టి ఉంటుంది, ప్రమాదం జరిగితే పైనుంచి మనుషులు దిగి రావడానికే చాలాసేపు పడుతుంది. కాళ్లు కడుక్కోవాలంటే కూర్చుని కడుక్కోండి. కింద నిలబడి రెండువైపులా గోడల్ని తలెత్తి చూడ్డమే ఈ దిగుడంతటికీ ఫలితం, దానికి అరగంట చాలు.

ఎనిమిదిన్నర అయిందా, ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. నది ఇంకో యాభై అడుగులే ఉన్నా సరే. ఎక్కడానికి దిగినదానికన్నా ఎక్కువ సేపు పడుతుంది, పది దాటితే బండలు వేడెక్కుతాయి, లోయలో గాలి ఆడదు, చేతులు పెట్టిన చోటల్లా కాలుతుంది. తల తిరిగినా, చెమట పట్టడం ఆగిపోయినా, మాట తడబడినా అది ఎండదెబ్బ. నీడలో కూర్చోబెట్టి, తల మీదా మెడ మీదా నీళ్లు పోసి, స్పృహ బాగుంటే కొంచెం కొంచెంగా తాగించండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే బాగా ఎక్కగలిగిన ఒకణ్ణి పైకి పంపండి, అతను వచ్చేదాకా మిగతావాళ్లు కదలొద్దు. అందుకే ఇద్దరే వెళ్లకండి, కనీసం ముగ్గురుండాలి, హోటల్ రిసెప్షన్‌లో ఎంతమంది దిగుతున్నారో, ఎన్నింటికి వస్తారో చెప్పి పోవాలి. మందు తాగినవాణ్ణి, రాత్రి తాగి ఇంకా దిగని వాణ్ణి కూడా తీసుకుపోవద్దు, గొడవ పడ్డా పర్లేదు.

తర్వాత

పైకొచ్చి, స్నానం చేసి, గది ఖాళీ చేసేసరికి ఆకలి నకనకలాడుతుంటుంది. హోటల్‌లో టిఫిన్ అయిపోయుంటే జమ్మలమడుగు దాకా ఓపిక పట్టండి, ఉగ్గాని బజ్జి దొరుకుతుంది. ప్రొద్దుటూరు వైపు పోయేవాళ్లు ఎర్రకారం పూసిన దోసె తినకుండా పోవద్దు, నేతి చుక్క వేయించుకోండి.

ఇంకా ఓపికుంటే బేలం గుహలు ఇక్కడికి అరవై కిలోమీటర్లు, కొలిమిగుండ్ల దగ్గర, పాత కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. 3 కిలోమీటర్లకి పైగా పొడవున్న సున్నపురాయి గుహలు, 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి మొదట రాశాడు, 2002 నుంచి జనాన్ని లోపలికి వదులుతున్నారు. ఎండ తప్పించుకోవచ్చు కదా అని మధ్యాహ్నం అక్కడికి పోతారు గానీ, లోపల ఎండ లేకపోయినా ఉక్క బాగా ఉంటుంది, లోయ దిగి ఎక్కిన కాళ్లకి ఆ మెట్లు ఇంకో పరీక్ష. కాళ్లు పట్టేసినట్టుంటే తాడిపత్రి వైపు పోండి, బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ గుళ్లలో శిల్పం చూడ్డానికి పెద్దగా నడిచే పని లేదు. గుళ్లు మధ్యాహ్నం మూసే వేళ ముందే ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. డ్రైవ్ చేసేవాడు పొద్దున అయిదింటికి లేచినవాడే అని మర్చిపోకుండా, మధ్యలో ఎక్కడైనా చెట్టు కింద బండి ఆపి అతన్ని ఒక గంట పడుకోనివ్వండి.